అత్తమ్మతో సూరత్ దాకా

ఒమన్‌లో మనుషులెక్కే రైలు లేదు. సోహార్ పోర్టు వైపు కొత్తగా పట్టాలు వేస్తున్నారని క్యాంపులో చెప్పుకుంటారు గాని నేను చూడలేదు. నేను ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఒకే కంపెనీ స్టోర్‌లో హెల్మెట్లూ గ్లౌజులూ బోల్టులూ ఇచ్చి సంతకాలు తీసుకుంటూ ముసలివాణ్ని అయ్యాను. రైలు కూత చెవిన పడని దేశంలో రైలును తలుచుకోవలసిన పని ఏముంటుంది? అలాంటిది పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, మస్కట్ రోడ్డు మీద కంపెనీ కారులో కూర్చుని ఉండగా, చిన్నప్పుడు ఎక్కిన సూరత్ బండి మొత్తం, దాని బొగ్గు వాసనతో సహా, నా మీదికి వచ్చి పడింది. దానికి కారణం లింగం.

లింగం మా జగిత్యాల వైపు మనిషి. నలభై దాటినవాడు. సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని. పదకొండేళ్లుగా రూమ్‌లో నా పక్క మంచం అతనిదే, నన్ను కాకా అంటాడు. ఆ రోజు అతను పొద్దున్నే డ్యూటీకి వెళ్లిన కాసేపటికి నా ఫోన్ మోగింది. లింగం బావమరిది. అంతకు ముందెప్పుడూ అతను నాకు ఫోన్ చేసింది లేదు.

"కాకా, మా అక్క పోయింది. పొద్దుగాల వాకిలి ఊడ్సుకుంట ఊడ్సుకుంట వడిపోయింది. దవఖానకు తీస్కపోయేదాక సుత లేదు," అన్నాడు. గొంతు తగ్గించాడు. "బావకు జెప్పకుండ్రి. సీరియస్ అని జెప్పి ఇమానమెక్కియ్యుండ్రి. జెప్తె ఒక్కడు ఎట్ల వస్తడు, నువ్వే జెప్పు కాకా!"

నేను సరేనన్నాను. ఇంకేమనాలి? పాస్‌పోర్టు పనులు చూసే మందూబ్ పాపం పరుగెత్తి కాగితాలు తెచ్చాడు. సాయంత్రం హైదరాబాద్ విమానానికి టికెట్ దొరికింది. లింగాన్ని సైట్ నుంచి పిలిపించి, భార్యకు సీరియస్‌గా ఉందని మాత్రం చెప్పాం. ఎయిర్‌పోర్టు దాకా తోడు ఎవరు వెళ్లాలన్నప్పుడు అందరూ నా ముఖం చూశారు. పెద్దవాడిని కదా.

సోహార్ నుంచి ఎయిర్‌పోర్టు రెండున్నర గంటలు. డ్రైవర్ పఠాన్, తెలుగు రాదు, తన భాష పాట సన్నగా పెట్టుకున్నాడు. లింగం నా పక్కన వెనక సీట్లో, ఒళ్లో చిన్న బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. కొంత దూరం పోయాక, "దవఖానల ఏమంటున్నరట కాకా?" అని అడిగాడు. "సెలైన్ పెట్టిన్రట," అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! వచ్చాక, మా ఇద్దరి మధ్య ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టింది. నిశ్శబ్దం సాగితే అతను ఇంకో ప్రశ్న అడుగుతాడు. అందుకని మొదలుపెట్టాను. పాత క్యాంపులో పప్పుచారులో ఉప్పనుకుని చక్కెర పోసిన వంటవాడి సంగతి, మేనేజర్ ముందర హెల్మెట్ తిరగేసి పెట్టుకుని నిలబడ్డ ఫోర్‌మన్ సంగతి. రోడ్డు పక్కన ఆగి చాయ్ తాగించాను, బిస్కెట్ తినిపించాను. కాళ్లు చాపుకొమ్మని ముందు సీటు జరిపించాను. వంటవాడి సంగతికి లింగం నవ్వాడు, గట్టిగానే. ఆ నవ్వు విన్నాక తెలిసింది. ఇంతసేపూ మాట్లాడింది నేను కాదు. ఆ మాటతీరు, మధ్యలో తొడ మీద చరిచి నవ్వించడం, అడక్కుండానే తినిపించడం, అన్నీ మా అత్తమ్మవి.

అత్తమ్మ అంటే మా బాపుకు అక్క. పేరు లచ్చవ్వ. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసి, మా ఇంటికి ఆనుకునే ఒక అర్రలో ఉండేది. చేతులకు గాజులు లేవు, నుదుట బొట్టు లేదు, కానీ వాడకట్టు మొత్తానికి వినపడే నవ్వు ఉండేది. ముక్కుపొడుం పీల్చేది. తుమ్మితే పక్కింటి కోళ్లు బెదిరేవి. మాది మగ్గాల ఊరు. బాపు చాలామందిలాగే సూరత్‌కు పోయి మర మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చి పదిహేను రోజులుండి పోయేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. ఇంట్లో ఎప్పుడూ తూనికాకు తడి వాసన, తంబాకు ఘాటు. అమ్మ నెమ్మదస్తురాలు, నవ్వినా పెదవి దాటేది కాదు. ఆమెను నవ్వించడమే అత్తమ్మకు రోజూ ఒక పని. చేటలో ఆకు కత్తిరించుకుంటూ అమ్మ ఒక్కసారి నవ్విందంటే అత్తమ్మ ఆ పూటకు గెలిచినట్టు లేచి వెళ్లిపోయేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు, మా చెల్లె సుజాతకు ఆరు. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి అత్తమ్మ మా గడపలో నిలబడి ఉంది. చేతిలో ఏదో కాగితం, మడిచి మడిచి చింతగింజంత చేసింది. కాసేపటికి అమ్మ బీడీలు అప్పజెప్పి వచ్చింది. అత్తమ్మ మామూలు గొంతుతోనే, "నర్సవ్వా, తంతి వచ్చింది. తమ్మునికి మగ్గం తాకి కాలు ఇరిగిందట. దవఖానల ఉన్నడట. మనిషి తోడు గావాల్నట," అంది.

అమ్మ గంప అక్కడే పెట్టి కూలబడింది. అత్తమ్మ ఆమె భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. "కాలే గదనే! కట్టు గడ్తరు, అతుక్కుంటది. నలభై దినాలు పండుకోని తింటడు. లే, రేపు పొద్దుగాల బండికి పోదాం. నేను సుత వస్త."

ఆ సాయంత్రం అత్తమ్మ పొయ్యి ఆరలేదు. సర్వపిండి కాల్చింది, జొన్నరొట్టెలు చేసింది, చింతపండు అన్నం కలిపి విస్తరాకుల్లో కట్టింది. ఎల్లిపాయ కారం, వేయించిన పల్లీలు, బెల్లం. మరచెంబు నిండా నీళ్లు. పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు. "ఎంత దూరం వోతె అంత సదురుకోని పోవాలె. ఆకలైనోనికి తొవ్వ పొడుగైతది," అంటూ అన్నీ రేకు పెట్టెలో సర్దింది. చెల్లె, నేను సంబరపడిపోయాం. రైలెక్కడం అదే మొదలు. అమ్మకు కూడా అదే మొదలు. బాపు కాలు విరగడం వల్ల మాకు రైలు దొరికిందని నేను లోపల సంతోషించాను కూడా. ఈ మాట రాయడానికి ఇంతకాలం పట్టింది.

కాజీపేటలో బండి ఆగీ ఆగగానే అత్తమ్మ నన్ను కిటికీలోంచి లోపలికి తోసింది. "సీటు మీద అడ్డం వండుకో. ఎవలు లేపినా లేవకు!" అంది. వాళ్లు తలుపులోంచి తోసుకుంటూ వచ్చేదాకా నేను కళ్లు గట్టిగా మూసుకుని శవంలా పడుకున్నాను. జనరల్ పెట్టె. మనుషులు, మూటలు, ఒక మేకపిల్ల. అత్తమ్మ ఆ గోలను పావుగంటలో ఇల్లు చేసింది. రేకు పెట్టెను రెండు సీట్ల మధ్య పెట్టి దాని మీద బొంత పరిస్తే మేం కాళ్లు చాపుకునే మంచమైంది. పై చువ్వలకు చీర కట్టి చెల్లెకు ఉయ్యాల వేసింది. వడగాలి కొట్టకుండా తుండు తడిపి కిటికీ చువ్వలకు కట్టింది. అది ఆరినప్పుడల్లా మళ్లీ తడిపేది. అమ్మను కిటికీ పక్కనే కూర్చోబెట్టింది. "నువ్వు సూడు. నీ మొగడు ఏడాదికోపారి పొయ్యే తొవ్వ ఇదే," అంది. అమ్మ ఆ మాటకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

మొదట్లో అమ్మ ముఖం దిగులుగానే ఉంది. అత్తమ్మ వదలలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి గురకను అనుకరించింది. తన మొగుడు పెళ్లినాడు కొత్త చెప్పులు కరిచి కుంటుకుంటూ వచ్చిన తీరు నడిచి చూపించింది, ఆ కదిలే బండిలో. పొడుపు కథలు వేసింది. "ఆకలైతె బొగ్గు తింటది, దూపైతె చెరువు తాగుతది, దగ్గితె నాలుగూర్లకు ఇనవడ్తది. ఏందిరా?" అంటే నేను ఆలోచిస్తుండగానే ఇంజను కూత వేసింది. పెట్టె మొత్తం ఘొల్లున నవ్వింది. బల్లార్షా దాటాక తెలుగు మాట తగ్గిపోయింది. మా పక్కకు ఒక మరాఠీ ఆమె వచ్చి కూర్చుంది, ఆమె భాష అత్తమ్మకు, అత్తమ్మ భాష ఆమెకు రాదు. సర్వపిండి ఇచ్చి అరటిపళ్లు తీసుకునేసరికి అక్కచెల్లెళ్లయ్యారు.

మధ్యాహ్నం మూట విప్పి అందరికీ పెట్టింది అత్తమ్మ. తాను ముట్టలేదు. "నువ్వు తినవా వదినె?" అని అమ్మ అడిగింది.

"ఒక్కపొద్దున్న."

"నీది శనివారం గద? ఇయ్యాల మంగళారం."

"మంగళారం సుత వట్టిన. తిను నువ్వు," అని అమ్మ ఆకులో ఇంకో రొట్టె వేసింది.

తరవాత బొంత జరిపి రేకు పెట్టె మీద బొగ్గుముక్కతో గళ్లు గీసి, చింతగింజలు అరగదీసి అష్టచెమ్మ మొదలుపెట్టింది. అత్తమ్మ, మరాఠీ ఆమె ఒక జట్టు, అమ్మ, నేను ఒక జట్టు. అమ్మ అంత బాగా ఆడుతుందని మాకెవరికీ తెలియదు. వరసగా అష్ట పడుతుంటే ఆమె ముఖం చిన్నపిల్లదైపోయింది. అత్తమ్మ కాయను చంపినప్పుడు పెదవి దాటి, గొంతు దాటి, పెద్దగా నవ్వింది. నా జన్మలో అమ్మ అలా నవ్వగా చూసింది ఆ ఒక్క రోజే. గాలికి జుట్టు రేగి, ఎండకు బుగ్గలు ఎర్రబడి, ఎంత అందంగా ఉందనుకున్నానో! అత్తమ్మ ఆట మానేసి అమ్మనే చూస్తూ ఉండిపోయింది. "నీ పందెం అత్తమ్మా," అని నేను గుర్తు చేయవలసి వచ్చింది.

సాయంత్రం వార్ధాలో మల్లెపూలు అమ్మకానికి వచ్చాయి. అత్తమ్మ ఒక దండ తీసుకుంది. తాను పెట్టకూడదు కదా, మరాఠీ ఆమె చేతికిచ్చి సైగ చేసింది. ఆమె నవ్వి, అమ్మ జడలో తురిమింది.

"తొవ్వల పూలెందుకు వదినె?" అని అమ్మ సిగ్గుపడింది.

"ఉండనియ్. మొగని దగ్గరికే గద వోతున్నవ్."

తెల్లారి సూరత్‌లో దిగాం. ప్లాట్‌ఫాం మీద మా ఊరివాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు, బాపు రూమ్‌లో ఉండేవాళ్లు. అమ్మ నడుస్తూనే, "దవఖాన ఇక్కడికి ఎంత దూరం అన్నా?" అని అడిగింది. వాళ్లలో పెద్దవాడు ఆమె తలలో పూలు చూశాడు. చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తరవాత అత్తమ్మ వైపు చూసి, "జెప్పలేదా లచ్చక్కా?" అన్నాడు. ఇంకొకతను నేల చూస్తూ, "మీరు వచ్చేదాక ఆపుదామనుకున్నం వదినె. ఎండలు గద, ఆగలేదు. నిన్న మాపటికే కాలవెట్టినం," అన్నాడు.

అమ్మ ఏడవలేదు. అత్తమ్మ వైపు తిరిగి చాలాసేపు చూసింది. చెయ్యి వెనక్కి పెట్టి జడలోంచి ఆ వాడిపోయిన దండ తానే లాగి, అత్తమ్మ చేతిలో పెట్టింది. అప్పుడు మాత్రం అత్తమ్మ నోరు తెరిచి ఏడ్చింది, ప్లాట్‌ఫాం మీది జనమంతా ఆగి చూసేంతగా. నేను చెల్లె చెయ్యి పట్టుకుని రేకు పెట్టె మీద కూర్చున్నాను. ఏమి చేయాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

తిరుగు ప్రయాణం అదే దారి. తుండు తడిపి కట్టినవాళ్లు లేరు, వడగాలి ముఖానికి కొట్టింది. అమ్మ ఒక మూల, అత్తమ్మ ఒక మూల. చెల్లె, "ఒక పొడుపు కథ ఎయ్యత్తమ్మా," అంటే అత్తమ్మ దాని తల నిమిరి ఊరుకుంది. అదే దూరం, అవే స్టేషన్లు. అయినా ఆ బండి ఇంటికి చేరదేమోనని నాకు భయం వేసింది.

తరవాత అమ్మ అత్తమ్మతో మాట్లాడలేదు. ఒక నెల కాదు, ఒక ఏడాది కాదు. మధ్యలో ఒక్క గోడ. ఉప్పు కావాలన్నా, నిప్పు కావాలన్నా నా చేత అడిగించేది. అత్తమ్మ రోజూ అమ్మ బీడీలు చుట్టే చోటికి కొంచెం దూరంలో వచ్చి కూర్చుని, ఎవరితోనో చెబుతున్నట్టు ఏదో ఒకటి చెప్పి, అమ్మ తల ఎత్తకపోతే లేచి వెళ్లేది. మేమిద్దరం ఎదిగాం. ఆ గోడ తీయడం మాకు చేతకాలేదు.

నేను మొదటిసారి ఒమన్‌కు బయల్దేరిన రోజు అత్తమ్మ బస్సు దాకా వచ్చింది. అప్పుడే చెప్పింది. తంతి తెచ్చిన పోస్ట్‌మ్యాన్ చదివి వినిపించగానే అన్నీ తెలుసట. అతని చేత ఒట్టు వేయించుకుందట. "ఇద్దరు పసిపిల్లలు, బాస రాని తొవ్వ. జెప్తె అది సూరత్‌కు పాణంతోని చేరునారా? నా నోరు ఒక్క గడియ మూస్తె అది బయట వడ్తదని ఆగకుండ మాట్లాడిన. ఇంకొకటి రాజేశం..." అని ఆగి పొడుం పీల్చింది. "నేను ముండమోసినదాన్ని. అదెట్లుంటదో నాకెరుక. నర్సవ్వను ఇంకొక్క దినం ముత్తైదువగ ఉంచుదామనుకున్న. అంతె బిడ్డా."

సెలవులో వచ్చినప్పుడు అమ్మతో ఈ మాట చెప్పాను. చెబితే మెత్తబడుతుందనుకున్నాను. అమ్మ చేతిలో ఆకు అట్లాగే ఉంది. "అది నాకు తోడబుట్టినదాని కన్న ఎక్కువ. చెడ్డగ జేసిందని అంటలేను," అంది. ఆకు చేటలో పెట్టి, "ఆయన అక్కడ కాలుతుంటె నేను ఇక్కడ అష్టచెమ్మల గెలిచిన బిడ్డా. ఆ నవ్వు నాది గాకుంట ఎట్లయితది?" అంది. అత్తమ్మ పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. అమ్మ ఎవరి చేతనో రాయించిన ఉత్తరంలో రెండే ముక్కలు: మీ అత్త పోయింది. నేనే స్నానం పోసిన.

ఇదంతా ఆ కారులో, లింగం నవ్వు ఆగేలోపల నా తలలో తిరిగింది. ఇక మాట్లాడకూడదనుకున్నాను. చెప్పేద్దామా అనుకున్నాను కూడా. గొంతు సవరించుకున్నాను. బర్కా దాటుతున్నాం. అతని ఫోన్ టింగుమంది, వెంటనే మళ్లీ, మళ్లీ. ఊరి గ్రూపు. ఎవరో తొందరపడి అతని భార్య ఫోటో చుట్టూ పూలదండ గీయించి, కింద శ్రద్ధాంజలి అని రాసి పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. అత్తమ్మ రెండు రాత్రులు, ఒక పగలు మోసిన మాట, నా చేతిలో సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

లింగం ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తరవాత నా వైపు తిరగకుండానే అడిగాడు. "నీకు ఎరుకనా కాకా?"

"ఎరుకే."

"ఎప్పటి సంది?"

"పొద్దటి సంది."

అతను తల ఊపాడు. ఫోన్ బోర్లించి బ్యాగు మీద పెట్టాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేయలేదు, దగ్గరికీ రాలేదు. పఠాన్ అద్దంలో మమ్మల్ని చూసి, ఏదో అర్థమై, పాట ఆపేశాడు. ఎయిర్‌పోర్టులో లోపలికి పోయే తలుపు దగ్గర, "పైలం లింగం," అన్నాను. అతను వరసలో నిలబడ్డాడు. ముందున్నవాళ్లు కదిలినప్పుడు కదిలాడు. అద్దంలోంచి వీపు కనిపించినంతసేపూ నిలబడి చూశాను.

అత్తమ్మది ఆ కాలం. కాగితాన్ని చింతగింజంత మడిచి గుప్పిట్లో దాచగలిగేవాళ్లు. ఒక మనిషి దుఃఖాన్ని ఇంకొక మనిషి కొంత దూరం మోయడానికి వీలుండేది, అది మంచో చెడో. ఇప్పుడు ఎవరి వార్త వాళ్ల జేబులోకే వస్తుంది, దారిలోనే, పక్కన ఎవరున్నారని చూడకుండా. ఇది మేలని చెప్పే ధైర్యం నాకు లేదు, కీడని చెప్పే హక్కూ లేదు. అమ్మ అయితే ఇదే మేలనేది.

పదకొండో రోజు అయ్యాక లింగం ఫోన్ చేశాడు. పిల్లల సంగతి చెప్పాడు. చిన్నది అన్నం సరిగ్గా తింటలేదన్నాడు. తరవాత, "రూములనే జెప్పేదుండె కాకా," అన్నాడు. "మనోళ్లు పదిమంది ఉంటిరి. మీ మీద వడి ఏడుస్తుంటి. ఇమానంల బెల్టు కట్టుకోని, ఎవలో ఎరుక లేనోళ్ల నడుమ, మూడున్నర గంటలు నోరు మూసుకోని కూసున్న."

"తప్పయింది లింగం," అన్నాను.

"తప్పని కాదు. నువ్వు జెప్పిన ముచ్చటకు నవ్విన గద. గది మర్సిపోదామంటె అయితలేదు."

ఈ నెలాఖరుకు అతను తిరిగి డ్యూటీకి వస్తున్నాడు. ఎయిర్‌పోర్టుకు ఎవరు పోతారని ఆఫీసులో అడిగితే నేనే పోతానని చెప్పాను. అక్కడి నుంచి సోహార్ దాకా రెండున్నర గంటలు. దారిలో ఏం మాట్లాడాలో నాకింకా తెలియలేదు.